వనపర్తిలో ‘తి’ ఎందుకు పక్కకు పోయింది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. చేత్తో రాసిన అక్షరమాలను స్కాన్ చేసి, ఫాంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఫాంట్‌ఫోర్జ్‌లో ఫాంటు చేశాను. ‘వనపర్తి’ అని కొడితే ‘ర్’ పక్కన ‘తి’ విడిగా పడుతోంది. అక్షరాలన్నీ పెట్టాను కదండీ, తప్పెక్కడ?

జవాబు: అక్షరాలు పెట్టారు, వత్తులను పిలిచే రూలు పెట్టలేదు. ‘ర్తి’ కొడితే నాలుగు కోడ్లు వస్తాయి: ర, పొల్లు, త, గుడి. పొల్లు, త వరసగా వస్తే త వత్తు వేయమని బీఎల్‌డబ్ల్యూఎఫ్ (blwf) ఫీచర్‌లో, అంటే ఫాంటులో వత్తుల రూల్స్ ఉండే చోట రాయాలి. ఆ రూలు తెలుగు లిపికని చెప్పే స్క్రిప్టు ట్యాగు టీఈఎల్‌2 (tel2). ఆ రూలు దొరికితేనే షేపింగ్ ఇంజిన్ (కోడ్లను అక్షరాలుగా పేర్చే ప్రోగ్రాం) గుడిని ర మీదికి తెస్తుంది. దొరక్కపోతే ర పొల్లుతో మిగిలిపోతుంది, గుడి త మీదే ఉంటుంది.

ఇక వత్తులు గీయాలి. త, న, మ, య, ర, ల వత్తుల ఆకారమే వేరు. గ, డ, ద లాంటివి తలకట్టు తీసి చిన్నవి చేస్తే చాలనిపిస్తుంది. చాలదు. 80 యూనిట్ల (ఫాంటులో కొలత) మందం గీత 60 శాతానికి తగ్గితే 48 అవుతుంది, వత్తు వెలిసిపోయినట్టు కనబడుతుంది. గీతను మళ్లీ లావు చేయాలి. గుణింతాల కోసం ప్రతి హల్లుకూ తలకట్టు లేని రూపం ఒకటి ఉంచుకోండి. ‘కి’, ‘మి’, ‘యి’ లాంటివి మాత్రం విడిగా గీయడమే మేలు.

స్కాన్ బొమ్మ అంచులను తనంతట తానే గీసే ఆటోట్రేస్‌ను నమ్మకండి. సున్న బయటి అంచుకు పైన, కింద, ఎడమ, కుడి నాలుగు పాయింట్లు చాలు. ఆటోట్రేస్ డజన్లకొద్దీ పోస్తుంది, ఫ్లెక్సీ సైజులో అంచు గతుకులు పడుతుంది.

పరీక్షకు మన ఊళ్లే చాలు: నల్లగొండ, జడ్చర్ల, కల్వకుర్తి. ‘రాష్ట్రం’లో రెండో వత్తు అడుగు తెగితే విన్ డిసెంట్ (అక్షరం కింద వదిలే జాగా కొలత) పెంచండి. ‘మహబూబ్‌నగర్’లో న పోయి బ కింద చేరితే అది ఫాంటు తప్పు కాదు, టైపింగ్‌లో జెడ్‌డబ్ల్యూఎన్‌జే (అక్షరాలు కలవకుండా ఆపే, కనబడని గుర్తు) పడలేదు.

ప్రశ్న: యూనికోడ్ ఫాంటు పేజ్‌మేకర్‌లో (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) పనిచేయదా? ఫాంట్ల పని ఎక్కడ నేర్పుతారు? (నాగర్‌కర్నూల్ నుంచి)

జవాబు: చేయదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందుకే మన డీటీపీ షాపులు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లను ఇంకా వదల్లేదు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోండి, లేకుంటే అక్కడా వత్తులు చెదురుతాయి. చదువుకు ఐఐటీ బాంబేలో డిజైన్ విభాగం ఐడీసీ ఉంది. ఇంగ్లండ్‌లో రీడింగ్ యూనివర్సిటీ టైప్‌ఫేస్ డిజైన్‌లోనే ఎంఏ ఇస్తుంది. అంతదాకా గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, రామభద్ర దించుకుని రూల్స్ విప్పి చూడండి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి మార్చుకోవచ్చు, కానీ ఆ ఫాంటును విడిగా అమ్మకూడదు.