మధ్యాహ్నం వాలే టమాటా ఆకులు, అడుగు నల్లబడే కాయలు

ప్రశ్న: కాపు మీదున్న టమాటా తోటలో మధ్యాహ్నానికి ఆకులు వాలిపోతున్నాయి. నీళ్లు చాలడం లేదేమోనని వారంగా రోజూ తడి పెడుతున్నాను. ఇప్పుడు కాయల అడుగున నల్లటి మచ్చలు వస్తున్నాయి. కాల్షియం లోపమంటే ఆకుల మీద రెండుసార్లు పిచికారీ చేశాను. గుణం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా రోజూ తడి పెట్టడం ఆపండి. మీ తోటకు ఎక్కువ నష్టం దానివల్లే జరుగుతోందని నా అనుమానం.

మొక్క పీల్చుకున్న నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఆకుల మీది సన్నటి రంధ్రాల గుండా ఆవిరైపోతుంది. ఆ ఆవిరి లాగుడుకే వేర్ల నుంచి నీరు పైకెక్కుతుంది. ఎండ మండే వేళ ఆకు వదిలేంత వేగంగా వేరు అందించలేదు, అందుకే ఆకు వాలుతుంది, రంధ్రాలూ మూసుకుంటాయి. సాయంత్రానికి లేచి నిలబడితే భయం లేదు. తెల్లవారినా వాలే ఉంటే మాత్రం వేర్లు చూడాలి. అలాంటి మొక్క కాండం కోసి, కోసిన కొనను గాజు గ్లాసులోని మంచినీటిలో వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి ధార దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు.

నేల ఎప్పుడూ నానుతూ ఉంటే వేరుకు గాలి అందదు. గాలి అందని వేరు చుట్టూ నీరున్నా తాగలేదు.

ఇక మచ్చల సంగతి. కాల్షియం నీటితో పాటే పైకి ప్రయాణిస్తుంది. నీరు ఎక్కువగా ఆవిరయ్యేది ఆకుల నుంచి కాబట్టి అదీ ఆకులకే చేరుతుంది. కాయ తొక్క మైనపు పూతతో నున్నగా ఉండి చాలా తక్కువ నీరు వదులుతుంది, దాంతో కాయ వంతు తగ్గిపోతుంది. కొన అన్నిటికన్నా దూరం గనుక ముందు అదే చెడుతుంది. ఆకు తయారుచేసిన చక్కెరలు, నత్రజని, పొటాష్ వేరే నాళాల్లో కాయకు దిగివస్తాయి. కాల్షియం మాత్రం ఒకసారి ఆకులో చేరాక దాదాపుగా కదలదు. మీరు ఆకుల మీద కొట్టిన మందు కాయకు అందకపోవడానికి కారణం ఇదే.

తడి పెట్టే ముందు జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ముద్దయితే ఆ రోజు నీళ్లొద్దు, పొడిపొడిగా రాలుతుంటేనే పెట్టండి. అలాగని బాగా ఎండనిచ్చి ఒక్కసారిగా ముంచడం కూడా ఇంతే చెరుపు. మొదళ్ల చుట్టూ ఎండుగడ్డి పరిస్తే తేమ నిలకడగా ఉంటుంది. యూరియా కొన్నాళ్లు ఆపండి: ఏపుగా పెరిగిన ఆకులు కాయ వంతు ఇంకా లాగేస్తాయి, అమ్మోనియా రూపంలోని నత్రజని వేరు కాల్షియం తీసుకోవడానికి అడ్డుపడుతుంది.

పిచికారీ చేయదలిస్తే కాల్షియం నైట్రేట్ లీటరు నీటికి 5 గ్రాములు కలిపి, చల్లని వేళ, గోలీకాయంత పిందెల మీదే పడేలా కొట్టండి. అదీ కొంత సాయమే, అసలు మందు తడుల నిలకడే. మచ్చపడిన కాయలు తిరిగి బాగుపడవు. వాటిని కోసేస్తే మొక్క బలం కొత్త పిందెలకు మళ్లుతుంది.