డాక్టర్ సలహా: పడ్డాక అమ్మ మంచం దిగట్లేదు, రెస్టే మంచిదా?

ప్రశ్న: మా అమ్మకి 71 ఏళ్ళు, ఖమ్మంలో ఉంటాం. నాలుగు నెలల కింద బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది, కట్టు కూడా తీసేశారు, కానీ పడతానని భయంతో మంచం దిగట్లేదు. ఈ వయసులో ఫిజియోథెరపీతో ఏమన్నా లాభం ఉంటుందా, రెస్టే మంచిదా?

జవాబు: రెస్ట్ మాత్రం వద్దండి. చెయ్యి బాగైంది కదా, ఇప్పుడు నీరసించిపోతున్నవి తొడలు. మన ఇళ్ళల్లో ప్రేమ ఎక్కువైతే ఇట్లాగే అవుతుంది, మంచినీళ్ళు కూడా మంచం దగ్గరికే తెచ్చిచ్చి నువ్వు లేవకమ్మా అంటారు. అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని 10 రోజులు మంచం మీదే ఉంచి చూస్తే ఒక్క కాళ్ళల్లోనే దాదాపు కిలో కండ తగ్గింది, 2007లో వచ్చిన స్టడీ అది. పది రోజులకే అంత పోతే నాలుగు నెలల సంగతి మీరే ఆలోచించండి.

పోయిన బలం తిరిగొస్తుందా అంటే, వస్తుంది. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 90 ఏళ్ళ వయసు వాళ్ళతో 8 వారాలు కాళ్ళకి బరువులు ఎత్తించారు, బలం సగటున రెట్టింపు దాటింది, ఇద్దరైతే చేతికర్ర కూడా పక్కన పెట్టేశారు. వాళ్ళ ముందు మీ అమ్మగారు చిన్నపిల్లే! తర్వాత వందకి పైగా ట్రయల్స్ కలిపి చూసిన 2019 రివ్యూలో కూడా వ్యాయామం చేసిన పెద్దవాళ్ళు పడిపోవడం దాదాపు నాలుగో వంతు తగ్గిందని తేలింది.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. గట్టి కుర్చీ గోడకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కపెట్టండి, మీరు పక్కనే ఉండాలి. ఆ వయసు ఆడవాళ్ళకి 10 కంటే తక్కువ వస్తే కాళ్ళు బలహీనంగా ఉన్నట్టే. అసలు లేవలేకపోతే కుర్చీ ఎత్తు పెంచి మొదలుపెట్టండి, రోజూ రెండు పూటలా, మొదట్లో మూడుసార్లు లేచినా చాలు. కిచెన్ గట్టు పట్టుకుని మడమలెత్తడం, ఒంటికాలి మీద నిలబడటం ఫిజియో దగ్గరుండి నేర్పిస్తారు, తేలికైపోతే కష్టం పెంచాలి, లేకపోతే బలం పెరగదు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే ఆపేసి డాక్టర్‌కి చూపించండి.

ఇంకో మాట, నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉండొచ్చు, ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించారా? చాలామంది కట్టు తీసేశాక దీని సంగతే మర్చిపోతారు, తర్వాత విరిగేది తుంటి కావచ్చు. నిద్ర మాత్రలు, బీపీ మాత్రలు ఏమన్నా వాడుతుంటే చీటీ అంతా ఒకసారి డాక్టర్‌కి చూపించండి, పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా బీపీ చూడమనండి, కళ్ళకి శుక్లాలు ఉన్నాయేమో కూడా చూపించండి, పడిపోవడానికి ఇవి కూడా కారణం కావచ్చు. రాత్రిపూట ఉప్మాతో సరిపెట్టేస్తుంటే దానికి గుడ్డో, గట్టి పప్పో, పెరుగో తోడవ్వాలి, కండ పెరగాలంటే ప్రోటీన్ కావాలి మరి (కిడ్నీ సమస్య ఉంటే మాత్రం అడిగి పెట్టండి). బాత్రూం గోడకి పట్టుకునే రాడ్ ఈ వారమే బిగించండి, టవల్ స్టాండ్ పట్టుకుంటే అది ఊడి చేతిలోకి వస్తుంది.