చెక్కపని నేర్పడమే కెరీర్‌గా ఎంచుకోవచ్చా?

ప్రశ్న: ఫర్నిచర్ తయారీలో డిప్లొమా చేసి, రెండేళ్లుగా ఒక వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. సెలవు రోజుల్లో తెలిసినవాళ్ల పిల్లలకు, కొందరు పెద్దవాళ్లకు చెక్కపని నేర్పుతున్నాను. ఫర్నిచర్ చేయడం కంటే నేర్పడమే నాకు ఎక్కువ ఇష్టంగా ఉంది. ఇంట్లో మాత్రం ‘ఇదీ ఒక ఉద్యోగమేనా’ అంటున్నారు. దీన్నే కెరీర్‌గా ఎంచుకోవచ్చా? ఎలా సిద్ధపడాలి? పిల్లలకు ఏ వయసులో మొదలుపెట్టాలి? ముందు మెషిన్లు నేర్పాలా, చేతి పనిముట్లా?

జవాబు: ఎంచుకోవచ్చు. అయితే చెక్కపని బాగా రావడం వేరు, దాన్ని నేర్పగలగడం వేరు. మీ డిప్లొమా, అనుభవం మొదటిదానికి రుజువు. రెండోదానికి రుజువు మీ దగ్గర నేర్చుకున్నవాళ్లే ఇవ్వాలి. మీరు పక్కన లేనప్పుడు వాళ్లు కొలత తీసి, గీత గీసి, ఆ గీత మీదే కోసి, రెండు ముక్కల్ని సందు లేకుండా కలపగలుగుతున్నారా? మీకు ఉద్యోగం ఇవ్వబోయేవాళ్లు చూడాల్సింది అదే. మీరు ఇప్పటినుంచే చూసుకోవాల్సిందీ అదే.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఊనో సిగ్నేయస్ అనే విద్యావేత్త కృషి వల్ల ఫిన్లాండ్ 1866లోనే చేతిపనిని బడి చదువులో చేర్చింది. ఆ తర్వాత స్వీడన్‌లోని నేస్‌లో ఆటో సాలమన్ 1870లలో చేతిపని టీచర్లకు శిక్షణ మొదలుపెట్టాడు. అక్కడికి ఎన్నో దేశాల నుంచి టీచర్లు వచ్చి నేర్చుకెళ్లారు. స్లాయిడ్ అనే ఆ పద్ధతిలో వస్తువులు ఒక వరుసలో ఉంటాయి. మొదట చాకుతో చెక్కే చిన్న చిన్నవి, ఆ తర్వాత ఒక్కో వస్తువుతో ఒక కొత్త పనిముట్టో, ఒక కొత్త రకం కోతో పరిచయం అవుతాయి. చేసిన ప్రతిదీ ఇంట్లో వాడుకునేదై ఉండాలి. పిల్లల పని మీద టీచర్ చెయ్యి వేయకూడదు. ఈ చివరి నియమం పాటించడం పనితనం ఉన్నవాళ్లకే ఎక్కువ కష్టం. వంకరగా పోతున్న రంపాన్ని చూస్తూ ఊరుకోవడానికి మీ చేతులు ఒప్పుకోవు.

ఆ రంపం సంగతే చూద్దాం. పన్నెండేళ్ల పిల్ల గీత మీద కోయడం మొదలుపెట్టింది. నాలుగు పోట్లలోనే రంపం ఎడమకు జరిగింది. చాలామంది ‘ఇలా ఇవ్వు’ అని రంపం తీసుకుని సరిచేసి ఇస్తారు. ముక్క బాగుపడుతుంది కానీ పిల్లకు ఏమీ తెలియదు. మీరు రంపం వైపు కాదు, ఆమె మోచేతి వైపు చూడండి. మోచెయ్యి బయటికి తిరిగి ఉంటే రంపం పక్కకు లాగుతుంది. భుజం, మోచెయ్యి, రంపం ఒకే గీతలో ఉండేలా నిలబడే చోటు మార్పించండి. పిడి గట్టిగా బిగించి పట్టుకుందేమో గమనించి, చూపుడువేలు రంపం వెంబడి చాపమనండి. ఒకటి రెండుసార్లు వెనక్కి లాగి చిన్న గాడి పడ్డాకే ముందుకు తోయమనండి. ఇవన్నీ నోటితో చెప్పి, పక్కనే మరో వృథా ముక్క మీద చేసి చూపించండి. ఆమె ముక్క మాత్రం ముట్టుకోకండి. ఇలా తప్పుకు కారణాన్ని శరీరంలో వెతకగలిగే చూపు ఉన్నవాళ్లకే మంచి ఇన్‌స్ట్రక్టర్‌గా పేరు వస్తుంది.

క్లాసుకు ముందు చేసే పని బయటివాళ్లకు కనిపించదు, క్లాసు సగం దానిమీదే నడుస్తుంది. ఉలి, చిత్రిక మీరే సానబట్టి సిద్ధంగా ఉంచాలి. మామూలుగా 25 డిగ్రీలకు అరగదీసి, అంచును 30 డిగ్రీల దగ్గర నూరితే చాలా పనులకు సరిపోతుంది. మొద్దుబారిన ఉలిని బలం పెట్టి తోయాలి. బలం పెట్టిన చెయ్యి జారితే ఆగదు. కొత్తవాళ్లకు గాయాలు ఎక్కువగా అక్కడే అవుతాయి, ‘నాకు చేతకాదు’ అనే నిరాశ కూడా అక్కడే మొదలవుతుంది. ముక్కను వైస్‌లోనో క్లాంప్‌తోనో బిగించాకే ఉలి చేతికివ్వండి. రెండు చేతులూ అంచుకు వెనకే ఉండాలన్నది ఏ పిల్లకూ, ఏ పెద్దకూ మినహాయింపు లేని నియమం. బెంచీ ఎత్తు కూడా చూడాలి. పెద్దల బెంచీ దగ్గర చిన్నపిల్లలు భుజాలు పైకెత్తి పనిచేస్తారు, పది నిమిషాల్లో అలిసిపోతారు. బెంచీ మార్చలేకపోతే కాళ్ల కింద కదలని పీట వేయండి. ఎడమచేతి వాటం వాళ్లను కుడిచేతికి మార్చాలని చూడకండి.

చెక్క ఎలా ప్రవర్తిస్తుందో కూడా మొదటి నెలలోనే చెప్పాలి. గాలిలో తేమను బట్టి చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పొడవులో ఆ తేడా దాదాపు కనిపించదు, వెడల్పులో బాగా తెలుస్తుంది. చెట్టు వలయాల వెంబడి వచ్చే మార్పు, వాటికి అడ్డంగా వచ్చేదానికి సుమారు రెట్టింపు. వెడల్పాటి పలకకు అడ్డంగా మరో చెక్కను జిగురుతో పూర్తిగా అతికిస్తే కొన్నాళ్లకు పగులు ఎందుకు వస్తుందో అప్పుడు వాళ్లకే అర్థమవుతుంది. ముడులు లేని, మెత్తని చెక్కతో మొదలుపెట్టించండి. మిగిలిపోయిన గట్టి ముక్కలు ఊరికే వస్తున్నాయని కొత్తవాళ్లకు ఇవ్వడం మంచిది కాదు.

వయసు గురించి అడిగారు. నా అభిప్రాయంలో ఆరేడేళ్లకే గరుకు కాగితంతో రుద్దడం, మేకులు కొట్టడం, చేత్తో తిప్పే డ్రిల్లు మొదలుపెట్టవచ్చు. తొమ్మిది పదేళ్లకు రంపం, పక్కన పెద్దవాళ్లుంటే చాకు. ఉలి, చిత్రిక ఇంకో రెండేళ్ల తర్వాత. కానీ వయసు కంటే, చెప్పింది విని ఆగగలరా లేదా అన్నది పెద్ద కొలత. ‘ఆపు’ అనగానే ఆపే ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇచ్చిన పనిముట్టు, ఆపని పద్నాలుగేళ్ల వాడికి ఇవ్వను.

మెషిన్లు తర్వాతే. పాతకాలపు పద్ధతి మీద మోజుతో ఈ మాట అనడం లేదు. చేతి రంపంతో తప్పు నెమ్మదిగా జరుగుతుంది, కళ్లకు కనిపిస్తుంది, దిద్దుకునే వ్యవధి ఉంటుంది. బల్ల మధ్యలో బ్లేడు తిరిగే టేబుల్ సా మీద, బ్లేడు చెక్కను పట్టేసిందంటే ఆ చెక్క వెనక్కి ఎగిరి మనిషికి తగలడానికి క్షణం కూడా పట్టదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973 నాటి 138వ ఒప్పందం ప్రమాదకరమైన పనులకు కనీస వయసును సాధారణంగా 18గా పెట్టింది. అది ఉద్యోగాల గురించే అయినా, నేర్పేవాళ్లు కూడా దాన్ని గుర్తుంచుకోవాలి. పెద్దలకు నేర్పేటప్పుడైనా తిరిగే బ్లేడు దగ్గర గ్లౌజులు, వేలాడే చొక్కా చేతులు, విరబోసిన జుట్టు ఉండకూడదు. పొట్టును తేలిగ్గా తీసుకోకండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో పెట్టింది. రోజంతా ఆ గదిలో ఉండేది మీరే కాబట్టి గాలి ఆడే గది, ధూళి లాగే వాక్యూమ్, సరైన మాస్క్ మొదటి ఖర్చుల్లోనే చేర్చుకోండి.

ఇక అవకాశాల సంగతి. స్కూళ్లలో మేకర్ ల్యాబ్‌లు (పిల్లలు చేతులతో వస్తువులు తయారుచేసే గదులు), వృత్తి శిక్షణ సంస్థలు, పెద్దలకు వారాంతపు కోర్సులు, సొంత స్టూడియో, ఇవి ముఖ్యమైన దారులు. స్కూల్లో పూర్తిస్థాయి టీచర్ కావాలంటే సాధారణంగా టీచింగ్ అర్హత అడుగుతారు. వృత్తి శిక్షణ సంస్థలైతే ట్రేడ్ సర్టిఫికెట్‌తో పాటు ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ అడుగుతాయి. మీరు వెళ్లాలనుకున్న దారికి ఏది కావాలో ముందు కనుక్కుని, ఆ కోర్సులో ఈ ఏడాదే చేరండి. ఫస్ట్ ఎయిడ్ శిక్షణ మాత్రం ఏ దారికైనా తప్పదు. పిల్లలకు నేర్పితే తల్లిదండ్రుల నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి, బీమా చేయించాలి.

ఇంటర్వ్యూకు మీరు చేసిన కుర్చీల ఫొటోలు పట్టుకెళ్తే సరిపోదు. పది క్లాసుల ప్లాన్ రాసుకుని వెళ్లండి. ఏ క్లాసులో ఏ వస్తువు, అందులో కొత్తగా వచ్చే నైపుణ్యం ఏది, ఎవరు ఎక్కడ తడబడతారు, అప్పుడు మీరేం చేస్తారు అన్నీ ఉండాలి. ఒక విద్యార్థి చేసిన మొదటి జాయింటు, రెండు నెలల తర్వాత చేసిన జాయింటు పక్కపక్కన పెట్టిన ఫొటో ఉంటే ఇంకా మంచిది. ఈలోగా అనుభవం ఉన్న ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కొన్నాళ్లు అసిస్టెంటుగా ఉండండి, జీతం తక్కువైనా సరే. ఇరవై మంది ఒకేసారి ‘సార్, ఇది చూడండి’ అన్నప్పుడు ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో అక్కడే తెలుస్తుంది.

మీ ఇంట్లోవాళ్ల టెన్షన్ న్యాయమైనదే. కోర్సుల ఆదాయం సెలవుల్లో ఒకలా, పరీక్షల నెలల్లో ఇంకోలా ఉంటుంది. అందుకని వర్క్‌షాపు ఉద్యోగం ఇప్పుడే మానకండి. వీలైతే వారంలో రోజులు తగ్గించుకుని, మిగిలిన రోజుల్లో నేర్పండి. ఏడాది పాటు నెలనెలా లెక్క రాయండి. అన్ని నెలలూ కలిపి నేర్పడం మీదే ఇల్లు గడిచేలా ఉందని ఆ లెక్క చూపిస్తే, అప్పుడు ఇంట్లో కూర్చోబెట్టి ఆ పుస్తకం చూపించి మాట్లాడండి.