కొడుకింటికి పోతే రూమ్ ఎందుకు?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఊరు. మా మరిది గోవాలో, కలంగూట్ బీచ్ దగ్గర ఒక హోటల్‌లో వంట మాస్టర్. భార్యాబిడ్డలతో ఒక బెడ్‌రూమ్ కిరాయి ఇంట్లో ఉంటడు. డిసెంబర్ ఆఖర్లో అత్తమ్మ, మేము, ఆడబిడ్డ వాళ్లు కలిసి తొమ్మిది మందిమి పోదామనుకున్నం. తోటికోడలేమో 'అప్పుడొద్దక్కా, సంక్రాంతి సెలవులకు రండి, పక్కన్నే రూమ్ చూసి పెడతా' అన్నది. 'కొడుకింటికి పోతే రూమ్ ఎందుకు?' అని అత్తమ్మ రెండు రోజుల నుంచి సరిగ్గా తింటలేదు. ఏం చెయ్యాలె?

జవాబు: అమ్మా, మీ తోటికోడలు రావద్దనలేదు. ఎప్పుడు రావాలో చెప్పింది, ఎక్కడ పడుకోవాలో కూడా చూస్తానంది. అత్తమ్మ చెవిన 'వద్దు' ఒక్కటే పడింది.

డిసెంబర్ 20 నుంచి జనవరి మొదటి వారం దాకా గోవా హోటళ్లకు మన వరికోతల లాంటి కాలం. వంట మాస్టర్‌కు ఆ రోజుల్లో సెలవు దొరకడం కష్టం. అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు, పొద్దెక్కే దాకా పడుకుంటాడు. ఆ వారంలో పోతే అత్తమ్మ కొడుకును నిద్రలోనే చూసి రావాల్సి వస్తుంది. ఆమెకు ఈ మాటే చెప్పండి, రూమ్ సంగతి తర్వాత.

ఇక నీళ్ల లెక్క. సముద్రంలో దిగి వస్తే ఉప్పు వదలడానికి మళ్లీ స్నానం చేయాల్సిందే. తొమ్మిది మంది, రోజుకు రెండు స్నానాలు, స్నానానికి 20 లీటర్ల బకెట్లు రెండు. మొత్తం 720 లీటర్లు. గిన్నెలు, బట్టలు ఇందులో లేవు. పైగా ఒంటికి, బట్టలకు అంటిన ఇసుక బాత్రూమ్ జాలీలో పేరుకుని నీళ్లు ఆగిపోతాయి. మీరు తిరిగొచ్చాక ఆ జాలీ తీసి కడిగేది మీ తోటికోడలే. బీచ్ ఊళ్లో ఉండేవాళ్లకు ఇంకో బాధ కూడా ఉంది. మీరు పోయేది ఒక్కసారే, వాళ్ల ఇంటికి మాత్రం ఏడాది పొడవునా చుట్టాలే.

కాబట్టి అత్తమ్మను కొడుకింట్లోనే ఉంచండి, మిగతా ఎనిమిది మందీ రూమ్‌లో పడుకోండి. రూమ్ కిరాయి మీదేనని ఫోన్‌లో ముందే చెప్పండి. అక్కడికి పోయాక చెబితే మరిది మొహమాటానికి తనే కట్టేస్తాడు. పదికిలోల సన్నబియ్యం, నాలుగు కిలోల జొన్నపిండి, కారం, పచ్చడి తీసుకుపోండి. రాత్రి వంట మీరూ ఆడబిడ్డా అందుకోండి. బీచ్‌లోనే పొయ్యి పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. గోవాలో బీచ్‌ల లాంటి పర్యాటక ప్రాంతాల్లో బహిరంగంగా వంట చేయడం, మందు తాగడం నేరమని 2019లో చట్టం సవరించారు. మీ ఊరివాళ్లు తెమ్మనే సీసాల సంగతీ అంతే, తెలంగాణలో సుంకం కట్టని మందు దొరికితే ఎక్సైజ్ కేసే.

సికింద్రాబాద్ నుంచి గోవాలోని వాస్కోకు వారానికి రెండుసార్లు నడిచే రైలు మహబూబ్‌నగర్ మీదుగానే పోతుంది. టికెట్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. జనవరి 12 ప్రయాణానికైతే నవంబర్ 13న. పండుగ రోజుల బెర్తులు త్వరగా అయిపోతాయి, ఆ పొద్దుటే కూర్చోండి. వాస్కో నుంచి కలంగూట్ నలభై కిలోమీటర్ల పైమాటే, ఓలా, ఊబర్ అక్కడ నడవవు. రాత్రంతా పొయ్యి దగ్గర నిలబడ్డ మరిదిని స్టేషన్‌కు రమ్మనకండి. గోవా ప్రభుత్వ కదంబ బస్సులో పణజి చేరి, అక్కడ కలంగూట్ బస్సు ఎక్కండి.

పిల్లల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఎర్ర జెండా ఉన్నచోట దిగనివ్వద్దు. బావిలో ఈత నేర్చినవాళ్లకు ధైర్యం ఎక్కువ, ప్రమాదం అదే. అలలు తోసిన నీళ్లు ఒక పాయగా లోపలికి తిరిగి పోతుంటాయి. అల విరగకుండా నెమ్మదిగా కనిపించే చోటే లాగేస్తుంది. ఒడ్డుకు ఎదురీదితే రెక్కలు పడిపోతాయి. తీరం వెంబడి పక్కకు ఈది, పాయ దాటాక ఒడ్డుకు రావాలి. చీరతో మోకాలు దాటి ఎవరూ పోవద్దు, తడిస్తే కాళ్లకు చుట్టుకుంటుంది.

తోటికోడలికి ఫోన్ మీరే చెయ్యండి, అత్తమ్మ పక్కన ఉండగా. 'చెల్లె, నువ్వన్నట్టే సంక్రాంతికి వస్తం, రూమ్ చూడు. అత్తమ్మ మాత్రం నీ దగ్గరే పడుకుంటది' అని చెప్పి, ఫోన్ అత్తమ్మ చేతికివ్వండి.