కాయితాల మీద చదువే ముందు

బిడ్డా,

బయటి దేశం పోయి స్పానిష్ నేర్చుకుంట అక్కడ్నే వాలంటీరుగ చేస్తనంటున్నవ్. పో, నేనేం అడ్డం చెప్ప. అయితె కాయితాల మీద చదువే ముందుండాలె, సేవ దాని ఎనక రావాలె. హాస్టల్ల రోజుకు కొన్ని గంటలు చేస్తె మంచం, తిండి ఫ్రీ అని ఆన్‌లైన్ల కనపడంగనే టూరిస్టు వీసా మీద ఉరకకు. మంచం, తిండి ఇస్తున్నరంటె చాన దేశాల్ల దాన్ని ఉద్యోగం కిందనే లెక్కగడ్తరు. ఇమిగ్రేషన్ కౌంటర్ కాడ బయటపడితె ఆడికెల్లే వాపస్.

స్పెయిన్‌ల 90 రోజులు దాటి ఉంటె యూరప్ దేశాలు తిరగనీకి ఇచ్చే షెంగెన్ వీసా సరిపోదు, స్టూడెంట్ వీసానే. గుర్తింపున్న స్కూలు అడ్మిషన్ లెటర్, అక్కడ చెల్లే హెల్త్ ఇన్సూరెన్స్ కావాలె. ఖర్చులకు నెలకు 600 యూరోల లెక్కన చూపియ్యాలె, అంటె ఎనిమిది నెలలకు 4,800. మనోళ్లు తట్టుకుని పడేది ఈడనే. మీ నాయిన ఖాతాల ఏడాదంత ఏముండదు, పత్తి అమ్మినంక ఒక్కసారే పైసలు పడ్తయి. చూసెటోళ్లకు అప్పు తెచ్చి ఏసినట్టే కనపడ్తది. అందుకే మార్కెట్ల ఇచ్చిన తక్‌పట్టీలు, అంటె పత్తి అమ్మిన రశీదులు, పారెయ్యకుండ్రి. బ్యాంకు స్టేట్‌మెంట్‌కు జతచేసి, ఆ పైసలు ఏడివో ఒక్క పేజీల రాసిపెట్టు.

180 రోజులు మించితె పోలీస్ క్లియరెన్స్, మెడికల్ సర్టిఫికెట్ గూడ అడుగుతరు. పోలీస్ క్లియరెన్స్ అంటె ఠాణాల రాయించుకునే చిట్టీ గాదు, పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చేది. దానికి ముందుగాల విదేశాంగ శాఖ అపోస్టిల్ (బయటి దేశంల చెల్లేటట్టు ఏసే ముద్ర), ఆ తర్వాతనే స్పానిష్‌లకు అధికారిక అనువాదం. ఆరు నెలలు దాటి ఉండెటోళ్లు దిగిన నెల లోపల అక్కడి గుర్తింపు కార్డుకు అర్జీ పెట్టుకోవాలె. నీ పాస్‌పోర్ట్‌ల ఇంటిపేరు గడి ఖాళీగుందేమో జర చూడు. స్పెయినోళ్లకు తండ్రిదొకటి, తల్లిదొకటి రెండు ఇంటిపేర్లుంటయి, ఫారాల్ల రెండు గడులుంటయి. నీకు ఒక్కటన్న లేకపోతె ప్రతి కౌంటర్ కాడ పంచాయితే.

నన్నడిగితె గ్వాటెమాల దేశంల ఆంటిగ్వా ఊరు మేలు. ఒక్క పంతులుకు ఒక్కరే విద్యార్థి, ఉండుడు గూడ ఆ ఊరోళ్ల ఇంట్లనే. నేనున్న ఇంట్ల పెద్దమ్మ మక్క పిండి ముద్దను రెండరచేతుల నడుమ తట్టి రొట్టెలు చేసేది, మన జొన్నరొట్టె చప్పుడే. ఆమె పక్కన కూసుని నేర్చుకున్నంత స్పానిష్ పుస్తకంల రాలే. వీసాకు ఢిల్లీల వాళ్ల ఎంబసీ ఉన్నది. ఒక్కటి యాదుంచుకో: గ్వాటెమాల, ఎల్ సాల్వడార్, హోండురాస్, నికరాగువా నాలుగింటికి కలిపి ఉండనిచ్చేది 90 రోజులే. సరిహద్దు దాటి పక్క దేశం పోయినంత మాత్రాన లెక్క మొదటికి రాదు.

సేవ సంగతి. భాష రాకుంట ఆసుపత్రికి పోతె అక్కడి నర్సు రోగిని ఇడిశిపెట్టి నీకు అర్థం చెప్పుకుంట కూసోవాలె. మొదటి నెల ఉత్త చదువే చదువు. అంతకు ముందే హైదరాబాద్‌ల ఇఫ్లూల (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) స్పానిష్ చెప్తరు, ఏ1 అనే మొదటి స్థాయి ఈడనే ముగించు. అనాథ పిల్లల్ని రెండు వారాలు ఆడిపిచ్చే పని ఇప్పిస్తమని వేలల్ల వసూలు చేసెటోళ్ల జోలికి పోకు. పిల్లలు అలవాటైనంక నువ్వొచ్చేస్తవ్, వాళ్లకేం మిగులుతది?

వచ్చేటప్పుడు పెరూ, కొలంబియా తిరిగొస్తనంటె పోకముందే హైదరాబాద్ నారాయణగూడల ఉన్న సర్కారు టీకాల సంస్థ ఐపీఎంల ఎల్లో ఫీవర్ టీకా ఏయించుకో. పది రోజులైతేనే ఆ కార్డు చెల్లుతది. కార్డు లేకుంట ఈడ దిగితె మనోళ్లే ఆరు రోజుల దాక క్వారంటైన్ల పెడ్తరు.

ఏ స్కూలుకైన పైసలు కట్టే ముందు, వాళ్లు పంపిన లెటర్ ఫొటో నాకు పెట్టు.

మీ మేనత్త,
దేవరకొండ