సబ్‌మెర్సిబుల్ మోటారుకి వీఎఫ్‌డీ పెట్టేటప్పుడు ఏమేం చూసుకోవాలి?

బోరులో 7.5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్, 200 మీటర్ల కేబుల్. స్టార్టర్ తీసేసి, పైన ఉండే మోనోబ్లాక్ పంపుకి పెట్టినట్టే వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగం మార్చే డ్రైవ్) పెట్టొచ్చా అని ఒకరు అడిగారు. పెట్టొచ్చు, కానీ అవే సెట్టింగులతో కాదు.

హెచ్‌పీ చూసి డ్రైవ్ కొనకండి, నేమ్‌ప్లేట్ మీద ఆంపియర్లు చూడండి. అదే హెచ్‌పీ మామూలు మోటారు కంటే సబ్‌మెర్సిబుల్ ఎక్కువ లాగుతుంది.

అన్నిటికంటే ముందు కాపాడాల్సింది థ్రస్ట్ బేరింగ్‌ని. మోటారు అడుగున పంపు తోపుడంతా మోసేది అదే. తగినంత వేగంలో కార్బన్ ముక్కల మీద పలచటి నీటిపొర ఏర్పడితేనే అది అరగదు. అందుకే మినిమమ్ ఫ్రీక్వెన్సీ 30 హెర్ట్జ్‌కి తగ్గకూడదు, 0 నుంచి 30కి సెకను లోపే ఎక్కాలి, దిగేటప్పుడూ అంతే. ఫ్యాక్టరీ సెట్టింగులో యాక్సిలరేషన్ 10 సెకన్లు ఉందనుకోండి, అది 50 హెర్ట్జ్‌కి లెక్క. 30కి చేరేసరికి 6 సెకన్లు, ప్రతి స్టార్టుకీ అంతసేపు బేరింగ్ ఒరుసుకుంటుంది. 1.5 సెకన్లు పెడితే 0.9కే 30 దాటుతుంది.

అలాగని 30 హెర్ట్జ్‌లో నీళ్లొస్తాయని కాదు. హెడ్, అంటే పంపు నీళ్లని ఎత్తగలిగే ఎత్తు, వేగం వర్గాన్ని బట్టి పడిపోతుంది. 50 హెర్ట్జ్‌లో వాల్వు మూస్తే 120 మీటర్లు చూపే పంపు, 35లో 59 మీటర్లకే ఆగుతుంది. నీటిమట్టం 80 మీటర్ల లోతుంటే చుక్క రాదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, పక్కనుంచి నీళ్లు పారక వేడెక్కుతుంది. కాబట్టి నీళ్లు బాగా పడే ఫ్రీక్వెన్సీ ఏదో మీ బోరు దగ్గరే చూసి, దాన్నే కింది హద్దుగా పెట్టండి. డ్రై రన్ ట్రిప్ (నీళ్లు లేకుండా తిరిగితే మోటారుని ఆపేసే రక్షణ) తప్పనిసరి.

ఇక కేబుల్. 415 వోల్ట్‌లకి డ్రైవ్ లోపల డీసీ 587 దాకా ఉంటుంది. డ్రైవ్ దాన్ని పల్స్‌లుగా కోసి పంపుతుంది. పొడవాటి కేబుల్ చివర ఆ పల్స్ తిరిగి కొట్టి వోల్టేజ్ దాదాపు రెట్టింపవుతుంది, 1,100 పైమాటే. వైండింగ్ కాలేది ఇక్కడే. ఇంత పొడవుకి నేనైతే సైన్ ఫిల్టర్ (ఆ పల్స్‌లని నున్నటి అలగా మార్చేది) లేకుండా పెట్టను. డ్రైవ్ పల్స్‌లు కొట్టే వేగాన్ని, అంటే క్యారియర్ ఫ్రీక్వెన్సీని, ఫిల్టర్ తయారీదారు చెప్పినదానికంటే తగ్గించకండి, ఫిల్టరే కాలుతుంది.

డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య కెపాసిటర్ ఉంటే తీసేయండి. మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజ్‌తో ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) చూసేముందు మోటారు వైర్లు డ్రైవ్ నుంచి విప్పండి, లేకపోతే డ్రైవ్ పోతుంది.