చెరియాల పటాల రంగు రాలుతోంటే

చెరియాల పటాలు, అంటే తెలంగాణలోని చెరియాలలో పొడవాటి బట్ట మీద వేసే కథల బొమ్మలు, మీ సొసైటీ గ్యాలరీలో వేలాడదీయగానే రంగు పెళ్లలుగా లేస్తోందన్నారు కదా. వాటిని సన్నగా, బొమ్మ లోపలికి వచ్చేలా చుట్టడమే కారణం అయి ఉండాలి. అది రంగు తప్పు కాదు. ఖాదీ బట్ట మీద సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూత వేస్తారు. ఆరాక ఆ పూత బట్టలా వంగదు, పగులుతుంది.

1. బొమ్మ బయటికి ఉండేలా, కనీసం నాలుగంగుళాల లావు పైపు మీద వదులుగా చుట్టి పంపమని కళాకారులకు చెప్పండి. పైపుకు ముందు తెల్ల నూలు గుడ్డ చుట్టాలి.

2. అందరూ వదిలేసేది ఇదే: వచ్చిన రోజే వేలాడదీయకండి. బొమ్మ పైకి ఉండేలా బల్ల మీద పరిచి రెండు రోజులు ఉంచండి. చివర్లు లేస్తుంటే రంగు లేని అంచు మీద మాత్రమే బరువు పెట్టండి. బొమ్మ మీద చెయ్యి కూడా ఆనించొద్దు.

3. పటం తీసుకునేటప్పుడే కళాకారుల ఎదుట ఫోటో తీసి, ఉన్న పగుళ్లు రిజిస్టర్‌లో రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. లేదంటే నష్టం చివరికి, పాపం, బొమ్మ వేసినవాళ్ల మీదే పడుతుంది.

రాలిన చోట ఫెవికాల్ పూయకండి. వేసినవారికే ఇచ్చి బాగు చేయించండి.